హైటెక్ సిటీ కథలూ అంతర్జాతీయ రాజకీయాలూ

కొండాపూర్‌లో ఒక అపార్టుమెంటు మిద్దెమీద నెలకొకసారి మేము పదిహేను ఇరవై మందిమి కలుసుకొని కథలు చదువుకుంటాం. వచ్చేవాళ్ళలో సగంమంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. మిగిలినవాళ్ళు విశ్వవిద్యాలయం విద్యార్థులు, నాబోటి బడిపంతుళ్ళు ఇద్దరు ముగ్గురు. 2025 అక్టోబరు సమావేశంలో ఒక యువకుడు తన కొత్త కథ చదివాడు. కథానాయకుడు డాలస్‌లో ఉద్యోగి. దసరా సెలవులకు ఇంటికి వచ్చాడు. శనివారం ఉదయం నిద్ర లేచేసరికి, వెంటనే అమెరికా తిరిగి రమ్మని కంపెనీ నుంచి కబురు. తల్లి బతుకమ్మకు సత్తుపిండి చేస్తూ వుంటుంది. అతను శంషాబాద్ పరుగెత్తుతాడు, టికెట్ దొరకదు, బెంచీమీద కూలబడి అద్దాల అవతల ఎగిరిపోతున్న విమానాన్ని చూస్తాడు. అంతా విధి అనుకుంటాడు. కథ అయిపోయింది.

కథ బాగానే వుంది. భాషలో ఎక్కడా కృతకత్వం లేదు. తల్లి పాత్ర నిజంగా మన కళ్ళముందు తిరుగుతుంది. చర్చలో ఒక పెద్దాయన, ఉద్యమంలో నాకంటే ఇరవై ఏళ్ళు ముందునుంచీ వున్నవాడు, ఆక్షేపణ తెలిపాడు: "విధి అనడం భావవాదం. దీన్ని సామ్రాజ్యవాదపు కుట్రగా చూపించాలి." కుర్రవాడు వినయంగా నోట్‌బుక్‌లో రాసుకున్నాడు.

ఇంటికి వస్తూ నేను ఆలోచించాను. ఆ కథలో 'విధి' అన్న మాట కొట్టివేసి 'సామ్రాజ్యవాదం' అని రాస్తే ఏమవుతుంది? ఇంకొక్క వాక్యం కూడా మార్చనక్కరలేదు. తల్లి అలాగే పల్లీలు వేయిస్తుంది, కొడుకు అలాగే బెంచీమీద కూలబడతాడు. పరస్పరం శత్రువులైన రెండు తత్వాలు ఒకే ఖాళీలో ఇంత సుఖంగా ఇమిడిపోతున్నాయంటే, ఆ రెంటిలో ఏదీ కథావస్తువులోంచి పుట్టలేదన్నమాట. పెద్దాయన చెప్పిన మాట తప్పని నేను అనను. కానీ అది విశ్లేషణ చివర రావలసిన మాట. మొదటే పెట్టుకుంటే, ఇక విశ్లేషించవలసిన పని లేదని మనకు మనమే సెలవిచ్చుకున్నట్టు అవుతుంది.

కనుక కథను కాసేపు పక్కన పెట్టి, ఆ రెండు రోజుల్లో ఏం జరిగిందో చూద్దాం. 2025 సెప్టెంబరు 19, శుక్రవారం నాడు అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ఒక ప్రకటనమీద సంతకం చేశాడు. హెచ్-1బి వీసా కోసం కొత్తగా దరఖాస్తు చేసే ప్రతి కంపెనీ లక్ష డాలర్లు, అంటే అప్పటి మారకం ప్రకారం సుమారు 88 లక్షల రూపాయలు, చెల్లించాలని దాని సారాంశం. ఏడాదిపాటు అమలు. ఆదివారం అర్ధరాత్రి దాటిన తర్వాత ఒక్క నిమిషానికి మొదలు. ఆ నిమిషం హైదరాబాదు గడియారంలో ఆదివారం ఉదయం 9 గంటల 31 నిమిషాలు. ఆ రోజు ఎంగిలిపూల బతుకమ్మ. శనివారం ఉదయం వార్త తెలిసినవాడికి మిగిలింది ఒక పగలూ ఒక రాత్రీ. ఇక్కడనుంచి అక్కడికి ప్రయాణమే దాదాపు అంత పడుతుంది. మైక్రోసాఫ్ట్, అమెజాన్, జె.పి. మోర్గాన్ వంటి సంస్థలు తమ ఉద్యోగులను దేశం విడవవద్దనీ, బయట వుంటే గడువులోగా తిరిగి రమ్మనీ హెచ్చరించాయి. ఇంతా చేసి, మనకు ఆదివారం తెల్లవారేలోగా అధ్యక్ష భవనంవారు వివరణ ఇచ్చారు: ఈ రుసుము కొత్త దరఖాస్తులకే, ఒక్కసారే, ఇప్పటికే వీసా వున్నవాళ్ళకు వర్తించదు.

అంటే మన కథానాయకుడు శంషాబాద్ పోనవసరమే లేదు! కథకుడు ఈ సంగతి తెలుసుకొని వుంటే కథ మరో మెట్టు ఎక్కేది. ఎందుకంటే అసలు సంగతి రుసుములో లేదు. ఒక సంతకంలోని అస్పష్టత ఇంతమందిని పండుగ పూట విమానాశ్రయాలకు తరమగలగడంలో వుంది. ఆ ప్రకటనలోనే ఇంకో నిబంధన వుంది. దేశ ప్రయోజనానికి అవసరమనుకుంటే ఒక వ్యక్తికి గాని, ఒక కంపెనీకి గాని, మొత్తం ఒక పరిశ్రమకు గాని మినహాయింపు ఇచ్చే అధికారం వాళ్ళ మంత్రికి వుంది. శాసనాన్ని చదివేటప్పుడు శిక్షకంటే మినహాయింపును శ్రద్ధగా చదవాలి. ఎవరు ఎవరి గుమ్మం ముందు నిలబడాలో అది చెప్తుంది.

ఈ వీసా ఎలా పనిచేస్తుందో మన కథకుల్లో చాలామందికి తెలిసే వుంటుంది. చాలామంది దానిమీదే బతుకుతున్నారు. కానీ కథలోకి మాత్రం అది రాదు; 'వీసా వచ్చింది', 'వీసా పోయింది' అన్న రెండు క్రియల మధ్యనే కథంతా నడుస్తుంది. దరఖాస్తు చేసేది మనిషి కాదు, కంపెనీ. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకో కంపెనీ తనకోసం దరఖాస్తు చేయాలి, లేదా మరో దారి వెతుక్కోవాలి, అదీ లేకపోతే దేశం విడవాలి. స్థిరనివాసం కోరితే, ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్ళకైనా ఏడాది కోటాలో ఏడు శాతానికి మించి దక్కదు. చిన్న దేశానికీ అంతే, నూట నలభై కోట్ల భారతదేశానికీ అంతే. కనుకనే మనవాళ్ళ వరస సంవత్సరాలు దాటి దశాబ్దాల్లోకి పోయింది. అక్కడే పుట్టిన పిల్లవాడు పౌరుడు, తండ్రి అనుమతిమీద వున్న మనిషి. ఒకే కంచంలో తింటున్న ఇద్దరు రెండు చట్టాల కింద వున్నారు. ఇంతకంటే వస్తువు ఏం కావాలి?

ఈ హెచ్-1బి అనే పేరు 1990 వలస చట్టంతో వచ్చింది. ఏడాదికి 65 వేలు అన్నారు. అమెరికాలో కంప్యూటర్ పరిశ్రమ ఉప్పొంగుతూ, రెండువేల సంవత్సరపు తేదీల చిక్కు ముంచుకొస్తుంటే, 1999, 2000 సంవత్సరాలకు దాన్ని లక్షా 15 వేలు చేశారు. 2001 నుంచి మూడేళ్ళపాటు లక్షా 95 వేలు. అమీర్‌పేటలో గదులు అద్దెకు తీసుకొని పాత కంప్యూటర్ భాషలు నేర్పిన రోజులు అవే. మా ఊరి వ్యవసాయ కుటుంబాల పిల్లలు ఎకరం అమ్మి ఆ గదుల్లో కూర్చున్నారు. ఆ తర్వాత అక్కడ బుడగ పగిలింది. 2004లో సంఖ్య మళ్ళీ 65 వేలకు దిగింది. అక్కడే పై చదువు చదివినవాళ్ళకని మరో 20 వేలు కలిపారు. చెరువు తూము లాంటి వ్యవహారమిది. అవసరమైతే ఎత్తుతారు, కాకపోతే దించుతారు. నీళ్ళు మనవే, తూము మన గట్టున లేదు. అమెరికా ప్రభుత్వ లెక్కల ప్రకారం 2024 ఆర్థిక సంవత్సరంలో ఆమోదం పొందినవాళ్ళలో దాదాపు 71 శాతం భారతదేశంలో పుట్టినవాళ్ళే. అందుకే చిలుకూరులో గుడిచుట్టూ మొదట పదకొండు, కోరిక తీరాక నూట ఎనిమిది ప్రదక్షిణలు చేస్తున్నారు. మనం వాళ్ళను చూసి నవ్వడం తేలిక. తన జీవితాన్ని నిర్ణయించే శక్తి కంటికి కనిపించకుండా సముద్రాల అవతల వున్నప్పుడు మనిషి దాన్ని దేవుడి రూపంలో ఊహించుకుంటాడు. మన కథకుడు 'విధి' అన్నది అందుకే. ఆ గుడిలో తిరుగుతున్న మనిషిమీద నాకు కోపం లేదు; రచయితమీదనే కొంచెం వుంది.

ఇంతకూ హైదరాబాదు ఈ తూముకింద ఆయకట్టు ఎలా అయింది? నా విద్యార్థులకు ఈ కథను నేను కువైట్ నుంచి మొదలుపెడతాను. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లో ప్రవేశించాయి. చమురు ధర పెరిగింది. గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు తగ్గింది. కడపనుంచి, గోదావరి జిల్లాలనుంచి వెళ్ళినవాళ్ళు కట్టుబట్టలతో తిరిగివచ్చారు. అప్పటికే అప్పులపాలై వున్న భారత ప్రభుత్వం దగ్గర రెండు మూడు వారాల దిగుమతులకు మించి విదేశీ ద్రవ్యం లేకుండా పోయింది. 1991 జూన్ 21న పి.వి. నరసింహారావు ప్రధాని అయ్యాడు. ('వేయిపడగలు' హిందీలోకి అనువదించిన మనిషి. మన సాహిత్య చరిత్రకారులు దీనినొక గర్వకారణంగా చెప్తారు. ఆర్థిక చరిత్రకారులు ఆ పుస్తకం జోలికి పోరు. ఆ నవల దేనికోసం విలపించిందో, ఆయన ప్రభుత్వం దేనికి తలుపు తెరిచిందో పక్కపక్కన పెట్టి ఎవరైనా ఒక వ్యాసం రాయాలి.) జూలై మొదటి వారంలో రెండు విడతలుగా రూపాయి విలువ తగ్గించారు. 47 టన్నుల బంగారం బయటి బ్యాంకుల దగ్గర తాకట్టు పెట్టారు. అంతర్జాతీయ ద్రవ్యనిధి షరతులకు తల ఒగ్గారు. ఆ ఏడాదే సాఫ్ట్‌వేర్ ఎగుమతుల కోసం ప్రభుత్వం ప్రత్యేక పార్కుల వ్యవస్థ నెలకొల్పింది. రూపాయి చవకైతే రూపాయల్లో జీతం తీసుకొనే మెదడు కూడా చవకవుతుంది. సైబర్ టవర్స్‌కు పునాది రాయి వేసింది ఎవరని అడిగితే మన పిల్లలు ముఖ్యమంత్రి పేరు చెప్తారు. సద్దాం హుస్సేన్ పేరు కూడా చెప్పవచ్చని నేను అంటే నవ్వుతారు, తర్వాత ఆలోచిస్తారు.

1998 నవంబరు 22న ఆ సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజపేయి ప్రారంభించాడు. అదే ఏడాది రాష్ట్ర ఆర్థిక పునర్నిర్మాణం పేరిట, 1999లో విద్యుత్ సంస్కరణల పేరిట ప్రపంచబ్యాంకు అప్పులు వచ్చాయి. 2000 మార్చి 24న అమెరికా అధ్యక్షుడు క్లింటన్ హైటెక్ సిటీకి వచ్చి ఉపన్యసించాడు. నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. మా హాస్టల్లో టీవీ ముందు కూర్చున్నవాళ్ళలో నేనూ వున్నాను. చప్పట్లు కొట్టినవాళ్ళలో కూడా వున్నాను, దాచుకోవడమెందుకు! ఆ తర్వాత అయిదు నెలలకు, ఆగస్టు 28న, ఆ విద్యుత్ సంస్కరణల ఫలితంగా పెరిగిన కరెంటు చార్జీలకు వ్యతిరేకంగా వామపక్షాల పిలుపుమీద శాసనసభకు బయలుదేరిన జనంమీద బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. మాదాపూర్‌కూ బషీర్‌బాగ్‌కూ మధ్య పదిహేను కిలోమీటర్లకు మించి లేదు. మన సాహిత్యంలో మాత్రం ఆ రెండూ రెండు ఖండాల్లో వున్నాయి. బషీర్‌బాగ్‌మీద కవిత్వం వచ్చింది, పాటలు వచ్చాయి. మాదాపూర్‌మీద కథలు వచ్చాయి. ఈ రెండు చోట్లకూ కలిపి ఒకే అప్పు పత్రం వుందని చూపించిన నవల నాకు తారసపడలేదు.

దీనికి కారణాలు వెతకాలి. మన వెనకటి తరానికి ప్రపంచం దగ్గరగా వుండేది. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడేనాటికి యుద్ధం నడుస్తున్నది. ఫాసిజం అంటే ఏమిటో తెనాలి రచయితకు తెలుసు. తర్వాత కొరియా, వియత్నాం. మాస్కోనుంచి రాదుగ ప్రచురణలు తెలుగులోనే వచ్చేవి. గోర్కీ 'అమ్మ' లేని ఇల్లు మా వీధిలో రెండో మూడో వుండేవి. ఆ పిల్లల పుస్తకాల రంగుల అట్టలు నాకిప్పటికీ గుర్తు. 1991 డిసెంబరులో సోవియట్ యూనియన్ కూలిపోయింది. పుస్తకాలు రావడం ఆగిపోయింది. నేను హైస్కూలుకు వచ్చేసరికి వాటిని చవగ్గా అమ్మేస్తున్నారు. మనవాళ్ళకు ప్రపంచం ఒకే కిటికీలోంచి కనిపించేది. ఆ కిటికీ మూసుకుపోయాక మరో కిటికీ తెరుచుకోవడానికి చాలాకాలం పట్టింది. ఆ చీకట్లోనే 1991 జరిగిపోయింది, ప్రపంచ వాణిజ్య సంస్థ జరిగిపోయింది. పల్లె ఏమైపోయిందో గోరటి వెంకన్న పాట చెప్పింది, అది ఊరూరా మోగింది. ఈ కారిడారుకు అటువంటి పాట లేదు. ఎందుకంటే ఇక్కడి రచయిత నష్టపోయినవాడు మాత్రమే కాదు, లాభపడినవాడు కూడా. రెండు మనసులతో పాట కట్టడం కష్టం. కథ రాయవచ్చు గదా!

ప్రపంచ వాణిజ్య సంస్థ అన్నాను. 1995లో దానితోపాటు సేవల వాణిజ్యంమీద ఒక ఒప్పందం వచ్చింది. సాహిత్య విద్యార్థులు దాన్ని ఒకసారి చూడాలి. నాటకంలో పాత్రల ప్రవేశ నిష్క్రమణలలాగా వుంటుంది. సేవ ఒక దేశంనుంచి ఇంకో దేశానికి నాలుగు రకాలుగా పోవచ్చునని అందులో వుంది. తీగమీద పనే పోవచ్చు. కొనేవాడే ఇటు రావచ్చు. కంపెనీ వచ్చి శాఖ పెట్టవచ్చు. లేదా మనిషే అటు వెళ్ళి పనిచేయవచ్చు. మూడోదానికి తలుపులు బార్లా తెరవమని ధనిక దేశాలు ఒత్తిడి చేస్తాయి. నాలుగోదానికి గొళ్ళెం తీయరు. పెట్టుబడి రావచ్చు, పని పోవచ్చు, మనిషి విషయంలో మాత్రం వాళ్ళ దయ. ఇప్పుడు గచ్చిబౌలిలో ఒకే అంతస్తులో వున్న రెండు ఇళ్ళు ఊహించండి. ఒకరి కొడుకు వీసాకోసం ఎదురుచూస్తున్నాడు. పక్కింటాయన ఒక అమెరికన్ బ్యాంకువారు నానక్‌రామ్‌గూడలో నడుపుతున్న సొంత కార్యాలయంలో మేనేజరు. సెప్టెంబరు 20న మొదటి ఇంట్లో పొయ్యి వెలగలేదు. రెండో ఇంటాయన, మనుషులు అటు పోలేకపోతే పని ఇటే వస్తుందని లెక్క వేసుకున్నాడు. ఇద్దరూ మంచివాళ్ళే. లిఫ్టులో ఎదురుపడితే ఏం మాట్లాడుకుంటారు? నన్నడిగితే ఆ యువకుడు శంషాబాద్ దాకా పోనవసరం లేదు, కథ ఆ లిఫ్టులోనే వుంది.

కథకులు ఇంకో పొరపాటు చేస్తారు. అమెరికా రాజకీయాలంటే వీసా రాజకీయాలే అనుకుంటారు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రంలోని ఒలేతాలో కూచిభొట్ల శ్రీనివాస్ హత్య జరిగింది. మిత్రుడితో కూర్చొని వుండగా ఒక జాత్యహంకారి, మా దేశంనుంచి పొమ్మని అరుస్తూ కాల్చాడు. ఆ మిత్రుడూ, అడ్డుపడిన ఒక అమెరికన్ యువకుడూ గాయపడ్డారు. దానిమీద మనకు కన్నీటి కవితలు వచ్చాయి. కానీ హంతకుడు ఆ తర్వాత తాను ఇద్దరు ఇరానీయులను చంపానని చెప్పుకున్నాడు. ఈ ఒక్క వివరం దగ్గర మన కవి ఆగి వుండవలసింది. ఇరానీయులంటే ఎందుకంత ద్వేషం? దానికి దాదాపు నెలరోజుల ముందే, ఇరాన్‌తో సహా ఏడు దేశాలవాళ్ళకు ప్రవేశం నిషేధిస్తూ ట్రంప్ ఉత్తర్వు ఇచ్చాడు. దాని వెనక 1979లో తెహరాన్ రాయబార కార్యాలయంలో 444 రోజుల బందీల వ్యవహారం వుంది. దాని వెనక 1953లో, చమురును జాతీయం చేసిన మొసద్దిక్ ప్రభుత్వాన్ని అమెరికా, బ్రిటన్ గూఢచారి సంస్థలు కూలదోసిన చరిత్ర వుంది. హైదరాబాదునుంచి వెళ్ళిన ఒక ఇంజనీరు తనకు సంబంధం లేని చరిత్రకు బలి అయ్యాడు. నా వీసా సంగతి నాకు చాలు, ఇరాన్‌తో పాలస్తీనాతో నాకేం పని అనుకొనే యువకులు మా మిద్దెమీదికీ వస్తారు. వాళ్ళతో వాదించను. ఈ సంగతి మాత్రం చెప్తాను.

కంప్యూటరు రాజకీయాలకు అతీతమైన యంత్రమని ఇంకా నమ్మేవాళ్ళకోసం ఒక చిన్న సంగతి. 2025 జూలైలో యూరోపియన్ యూనియన్, రష్యన్ చమురు సంస్థకు వాటా వుందన్న కారణంతో, గుజరాత్‌లో శుద్ధి కర్మాగారం వున్న నయారా ఎనర్జీమీద ఆంక్షలు విధించింది. కొద్ది రోజుల్లోనే ఆ కంపెనీ ఉద్యోగుల మైక్రోసాఫ్ట్ ఈ-మెయిళ్ళు ఆగిపోయాయి. కర్మాగారం మన దేశంలో వుంది, మన చట్టం దాన్ని ఆపలేదు, డబ్బు కట్టే వున్నారు. ఢిల్లీ హైకోర్టుకు పోయాక సేవలు తిరిగి మొదలయ్యాయి. వెనకటికి ఓడరేవులు దిగ్బంధించడానికి యుద్ధనౌకలు కావలసివచ్చేవి.

ఇక నేను రోజూ చూసే మనుషుల గురించి. మా బడి ఈ అద్దాల మేడలకు కూతవేటు దూరంలో వుంది. మా పిల్లల తండ్రులు వాచ్‌మెన్లు, క్యాబ్ డ్రైవర్లు, పాలమూరునుంచి, ఒడిశానుంచి వచ్చిన మేస్త్రీలూ కూలీలూ. తల్లులు ఫ్లాట్లలో వంటా అంట్లూ చేస్తారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని 'సైబర్ కూలీ' అని రాసే అలవాటు మనవాళ్ళకు వుంది. నాకు ఆ మాట కలంలోకి రాదు. సిమెంటు తట్ట మోసే తల్లి సంతకం చేయడానికి నా బల్లముందు నిలబడ్డప్పుడు ఆమె అరచేతులు చూశాను. అతనిది శ్రమే, దోపిడీ వుంది, అభద్రత వుంది. వాటికి సరైన పేరు వెతుక్కోవాలి గాని, ఇంకొకరి పేరు తెచ్చి తగిలించకూడదు. 2020లో ఆఫీసులన్నీ ఇళ్ళకు మారినప్పుడు అతనికి జీతం వచ్చింది. మా ఏడో తరగతిలో పిల్లలు మాయమయ్యారు. టీ బండ్లు లేవు, క్యాబులు లేవు. సంసారాలు మూటలు కట్టుకొని ఊళ్ళకు పోయాయి. కొందరు తిరిగి రాలేదు.

నవంబరు సమావేశానికి ఆ యువకుడు కథ తిరగరాసి తెచ్చాడు. విమానాశ్రయం తీసివేశాడు. విధీ లేదు, సామ్రాజ్యవాదమూ లేదు. శనివారం పగలంతా ఇంట్లోనే. కొడుకు ఫోన్లో ఒక ఇంగ్లీషు ప్రకటనను మళ్ళీ మళ్ళీ చదువుతుంటాడు. 'కొత్త దరఖాస్తు' అన్న మాట తనకు వర్తిస్తుందో లేదో ఎంతకీ తేలదు. తల్లి, వండనా మాననా అని రెండుసార్లు అడుగుతుంది. ఇంకా లోపాలున్నాయి: మధ్యలో మూడు పేరాలు వీసా చరిత్ర ఉపన్యాసంలా వుంది, దానికి బహుశా నేనే బాధ్యుణ్ణి. పక్కింటి మేనేజరు పాత్ర మరీ దుర్మార్గుడైపోయాడు, మార్చమన్నాం. కానీ మొదటి ప్రతిలో లేని ఒక మనిషి ఇందులో వుంది. ఆ ఇంట్లో పని చేసే యాదమ్మ. అంట్లు తోమి, చీర కొంగుకు చేతులు తుడుచుకుంటూ గుమ్మం దగ్గర నిలబడి తల్లితో అంటుంది: "అమ్మా, సారు పోతడా ఉంటడా? ఆయన పోతె మీరు గూడ ఈ ఇల్లు ఇడిచి ఊరికి పోతమన్నరు గద. జెర ముందుగాల్నే చెప్పుండ్రి, నేను ఇంకో ఇల్లు చూసుకోవాలె."